మొదట ఆకు మడిచినవాడు

అనగా అనగా, ఎన్నేళ్ల కిందటో లెక్క చెప్పలేను గానీ, కొండల నడుమ గండిసీమ అనే చిన్న రాజ్యం ఉండేది. రాజు పేరు ముందే చెప్పేస్తాను, కథలో పడితే మరిచిపోతానేమో. ఆయన పేరు మణికంధరుడు.

గండిసీమకు ఆనుకుని మేడిసీమ. రెండు రాజ్యాల మధ్య ఒకటే వాగు. ఆ వాగుకు ఇటొక కాలువ, అటొక కాలువ. వేసవిలో మాత్రం వాగులో నీళ్లు ఒక్క కాలువకే చాలేవి. మరి ఎవరు తీసుకోవాలి?

పూర్వం దానికోసం కత్తులు దూసుకునేవారు. తర్వాత పెద్దలు కూర్చుని, కత్తులు పక్కన పెట్టి, ఒక పెద్ద మోకు తెచ్చారు. ఏటా ఎండలు ముదరకముందే ఇటు కుర్రవాళ్లు ఈ ఒడ్డున, అటు కుర్రవాళ్లు ఆ ఒడ్డున నిలబడి మోకు లాగాలి. ఎవరు వాగులోకి జారితే వాళ్లు ఓడినట్టు. గెలిచినవాళ్ల కాలువకే ఆ వేసవి నీళ్లు.

ఇంకొక షరతు కూడా ఉంది. వరసగా మూడేళ్లు ఓడిన రాజ్యానికి ఇక మోకు పట్టే హక్కే ఉండదు. నీళ్లు ఎప్పటికీ అవతలివాళ్లవే.

గండిసీమ వరసగా రెండేళ్లు ఓడింది.

మణికంధరుడికి నిద్ర పట్టలేదు. మోకు లాగే పిల్లలను తయారుచేసేది రాజ్యపు తాలింఖానా. అక్కడ ఏం జరుగుతోందో కళ్లారా చూద్దామని బయలుదేరాడు.

తాలింఖానా అంటే కండ పెంచే చోటు. ఎర్రమట్టి గోదా, ఎత్తడానికి రాతి గుండ్లు, గుమ్మడికాయంత వాటినుంచి ఏనుగు తలకాయంత వాటి దాకా. పిల్లలు దండీలు తీయాలి. బస్కీలు తీయాలి. ఇసుక బస్తా భుజాన వేసుకుని గట్టెక్కాలి. ఇవన్నీ మంచి పనులే, వీటిలో తప్పేమీ లేదు.

తప్పంతా భోజనాల వరసలో ఉంది.

తాలింఖానా గుమ్మం మీద ఒక శిల్పం ఉండేది. ఆ తాలింఖానా పెట్టిన ఆది వస్తాదు విస్తరి ముందు కూర్చుని ఆకు మడుస్తున్నట్టు చెక్కారు. ఆకులో ఇంకా అన్నం ఉంది. ఆ శిల్పాన్ని చూసి చూసి అక్కడ ఒక ఆచారం పుట్టింది. ఆకులో అన్నం మిగిలి ఉండగానే, అందరికన్నా ముందు ఎవడు ఆకు మడుస్తాడో వాడే మొనగాడు! ఆ రోజు ఎర్ర తలపాగా వాడిదే!

విన్నారా ఈ వింత! పొద్దుటినుంచి బండలెత్తే పిల్లలు, ఎదిగే పిల్లలు, తక్కువ తినడానికి పోటీ పడేవారు!

రాజు వెళ్లేసరికి అందరూ వరసగా కూర్చున్నారు. వస్తాదు గండప్ప బెత్తం పట్టుకుని వెనకాల తిరుగుతున్నాడు. వడ్డన పూర్తయింది. ఒక ముద్ద, రెండు ముద్దలు, మూడో ముద్ద నోట్లో ఉండగానే ఆకులు టపటపా మడిచేశారు.

"అయిపోయిందా?" అన్నాడు రాజు నమ్మలేక.

"అయిపోయింది ప్రభూ," అన్నాడు గండప్ప గర్వంగా. "నిండిన కడుపు నిద్రకు పనికొస్తుంది. ఖాళీ కడుపుకే కసి ఉంటుంది. మా పిల్లలకు కసి నేర్పుతున్నాను."

గండప్ప చెడ్డవాడని అనుకోకండి. తనూ ఆ మూడు ముద్దలే తినేవాడు. చిన్నప్పుడు ఆ వరసలో కూర్చున్నవాడే. అతని పక్కటెముకలు కూడా దూరంనుంచే కనబడేవి.

బసవడు అనే కుర్రవాణ్ణి పిలిచి గుండు ఎత్తమన్నారు. పోయినేడు వాడు తల మీదికి లేపిన గుండే అది. ఇప్పుడు మోకాలి దాకా కూడా రాలేదు. గుండు మట్టిలో దిగబడింది.

రాజు నిర్ఘాంతపోయాడు. "వస్తాదూ! ఏడాదికి పిల్లవాడు ఎదగాలి గానీ తరుగుతాడా?"

"సాధన చాలలేదు ప్రభూ. రేపటినుంచి రెట్టింపు చేయిస్తాను."

రెట్టింపు చేయించాడు కూడా. అన్నం మాత్రం ఆ మూడు ముద్దలే.

ఆ వానాకాలంలోనే తాలింఖానాలో కోనయ్య అనే కుర్రవాడు చేరాడు. గానుగ ఆడించే ఓబులమ్మ కొడుకు. చేరినప్పుడు చింతబరికెలా ఉండేవాడు. "ఒరేయ్, నిన్ను మోకుకు కట్టాలా, మోకునే నీకు కట్టాలా?" అని బసవడు ఆటపట్టించేవాడు.

మొదటి రోజు సాయంత్రం కోనయ్య ఇంటికి వచ్చి గడప మీదే కూలబడ్డాడు. ఓబులమ్మ అడిగింది, వాడు చెప్పాడు.

"మూడు ముద్దలా! గానుగెద్దుకైనా తవుడూ చెక్కా పెట్టకుండా కాడి ఎత్తనే! నా కొడుకు చేత ఖాళీ కడుపుతో బండలు మోయిస్తారా!"

"ఆచారం అమ్మా. ఆకు మడిచాక మర్నాటి వరస దాకా ఇంట్లోనైనా మెతుకు ముడితే తాలింఖానా గడప తొక్కనివ్వరు."

"మరి నువ్వు మానేస్తావా?"

కోనయ్య తల అడ్డంగా ఊపాడు. పోయిన వేసవి నీళ్లు లేక వాళ్ల నువ్వుచేను నిలువునా ఎండిపోయింది. ఈసారి మోకు పట్టాలని, గెలవాలని వాడి కోరిక.

మర్నాటినుంచి ఓబులమ్మ తాలింఖానా వెనక దిగుడుబావికి నీళ్లకు వెళ్లే వంకతో ఒక ముంత, ఒక మూట మెట్ల మీద పెట్టి వచ్చేది. ముంతలో గేదెపాలు. మూటలో సంకటి ముద్దలు, ఉడికించిన ఉలవలు, నువ్వుండలు, ఒక్కోరోజు గుడ్లు.

ఇప్పుడు అసలు వింత వినండి. మూట బావి దగ్గర ఎదురుచూస్తోంది గదా, కోనయ్యకు తొందర. అందుకని వరసలో అందరికన్నా ముందు ఆకు మడిచేది వాడే! వాడి మడత చూసి గండప్ప మురిసిపోయేవాడు. "అదీ నిగ్రహమంటే!" అని రోజూ ఎర్ర తలపాగా వాడి తల మీదే పెట్టేవాడు. వాడు ఆ తలపాగాతోనే బావి మెట్లు దిగి నువ్వుండలు తినేవాడు.

ఆ బావిలో ఒక ముసలి తాబేలు ఉండేది. కోనయ్య దానికీ ఒక సంకటి ముద్ద వేసేవాడు. అది తింటూ వాడికేసి చూసేది. ఏమీ అనేది కాదు.

నెలలు గడిచాయి. కోనయ్య భుజాలు నిండాయి. తొడలు గట్టిపడ్డాయి. మెడ లావెక్కింది. పెద్ద గుండు వాడి చేతుల్లో గుమ్మడికాయలా లేచేది. మిగతా పిల్లలు మాత్రం నానాటికీ నీరసించారు.

రాజు రెండోసారి వచ్చాడు. కోనయ్యను చూసి ఉలిక్కిపడ్డాడు. "ఎవడీ బాలుడు? ఇదే తాలింఖానా అన్నమేనా తింటున్నది?"

"అందరికన్నా తక్కువ తినేది వీడే ప్రభూ!" అన్నాడు గండప్ప. "రోజూ మొదట ఆకు మడిచేవాడు వీడే. చూశారా ఫలితం!"

రాజుకు ఆశ పుట్టింది. ఆశ పుట్టినచోట ఆలోచన ఆగిపోయింది. "అయితే ఇంకా ఆలస్యమెందుకు? అందరికీ అన్నం సగం చేయించండి. అందరూ కోనయ్యలు కావాలి!" అని ఆజ్ఞ ఇచ్చి వెళ్లాడు.

అయ్యో, చూశారా! మూడు ముద్దలు కాస్తా ఒకటిన్నర అయ్యాయి!

మర్నాడు బసవడు పంతం పట్టాడు. "రోజూ వాడేనా మొదట? ఇవాళ నేను!" అని ఒక్క ముద్ద తిని ఆకు మడిచేశాడు. తర్వాత ఇసుక బస్తా ఎత్తుకుని గట్టెక్కుతూ సగంలో కళ్లు తేలేశాడు. బస్తా ఒకవైపు, వాడు ఒకవైపు దొర్లారు. మొహాన నీళ్లు చల్లితే చాలాసేపటికి కళ్లు తెరిచి కోనయ్యను చూశాడు. నీరసంగా నవ్వాడు.

"నీకెలా వచ్చిందిరా ఆ నిగ్రహం? నాకు ఆకలి ఆగలేదు."

కోనయ్య లేచి బావి దగ్గరికి పరుగెత్తాడు. మూట విప్పాడు. నువ్వుండ చేతిలోనే ఉంది, నోటి దాకా రాలేదు.

తాబేలు నీళ్లలోంచి తల పైకెత్తింది. "ఏం నాయనా, ఇవాళ ఆకలి లేదా?"

"తాతా, నా వల్ల వాడు పడిపోయాడు. నన్ను చూసి అందరూ ఆకులు మడుస్తున్నారు."

"మరి చెప్పు."

"చెబితే నన్ను వెళ్లగొడతారు. మోకు పట్టలేను. అమ్మను ఊరంతా ఆడిపోసుకుంటారు."

"చెప్పకపోతే?"

చెప్పకపోతే ఏమవుతుందో కోనయ్యకు తెలుసు. మోకు దగ్గర ఒక్కడు బలంగా ఉంటే చాలదు. వెనక అందరూ రెల్లుపుల్లలైతే వాగులో పడేది అందరూ.

"తాతా, ఆది వస్తాదు నిజంగా ఒకటి రెండు ముద్దలు తిని బండలు మోసేవాడా?"

తాబేలు కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాడు కోనయ్య. అప్పుడది నెమ్మదిగా అంది, "ముందు నీ నిజం నువ్వు చెప్పు నాయనా. తర్వాత నా నిజం నేను చెబుతాను. నేను నడిచి వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది, ఏమీ అనుకోకు."

మోకు రోజుకు ఇంకా మూడు నెలలు ఉందనగా రాజు మూడోసారి వచ్చాడు. ఈసారి ఊరంతా వచ్చింది. మోకుకు ముందు నిలిచేవాడికి ఆ రోజు జరీ తలపాగా కట్టాలి. కోనయ్యను పిలిచారు. రాజు స్వయంగా తలపాగా పట్టుకుని లేచాడు.

కోనయ్య తల వంచలేదు. రెండు చేతులూ జోడించాడు.

"మహారాజా, అది నాకు కట్టకండి. నేను అందరికన్నా తక్కువ తినేవాణ్ణి కాను. అందరికన్నా ఎక్కువ తినేవాణ్ణి."

ఎవరికీ అర్థం కాలేదు. గండప్ప నవ్వాడు. "వినయం ప్రభూ, వినయం!"

"వినయం కాదు గురువుగారూ. ఆకు మడిచి రోజూ బావి దగ్గరికి వెళ్తున్నాను. పాలు, సంకటి, ఉలవలు, గుడ్లు, నువ్వుండలు, అన్నీ కడుపునిండా తింటున్నాను. తొందరగా వెళ్లాలనే తొందరగా మడుస్తున్నాను."

రాజు చేతిలోని తలపాగా జారి మట్టిలో పడింది. నీరసంతో ఓ మూల పడుకున్న బసవడు లేచి కూర్చున్నాడు.

"నువ్వుండలా?" అన్నాడు నమ్మలేక. "ఒరేయ్, మేమిక్కడ ఆకలికి చస్తుంటే నువ్వు నువ్వుండలు తింటున్నావా!"

గండప్ప మొహం నల్లబడింది. "ఆది వస్తాదు గడపకు ద్రోహం చేశావురా! వెళ్లు! ఈ గడప మళ్లీ తొక్కకు!"

"ఆగండి," అంటూ ఓబులమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది. "పెట్టింది నేను. పంపితే నన్ను పంపండి వస్తాదుగారూ. కానీ ఒక్క మాట అడుగుతాను. ఇంతమంది పిల్లల్లో గుండు ఎత్తగలిగేది ఎవడు? తిన్నవాడా, తిననివాడా?"

"వాడు పుట్టుకతోనే బలవంతుడు!" అన్నాడు గండప్ప.

"పుట్టినప్పుడు నేను చూశానండీ," అంది ఓబులమ్మ. "ఎలుకపిల్లంత ఉన్నాడు."

జనం నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డారు. అప్పుడే గుమ్మం దగ్గర గీరుకుంటున్న చప్పుడైంది. ముసలి తాబేలు ఒళ్లంతా దుమ్ముతో గడప దాటుతోంది. పొద్దున బయలుదేరి ఇప్పటికి చేరింది పాపం.

తాబేలు మాట్లాడిందని ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఆ రోజుల్లో అన్నీ మాట్లాడేవి. అది చెప్పినదానికే ఆశ్చర్యపోయారు.

"ఆది వస్తాదును నేనెరుగుదును," అంది తాబేలు. "ఈ బావి నీళ్లే తాగేవాడు. నన్ను తాబేలని కాదు, తమ్ముడని పిలిచేవాడు. గుప్పెడు మినుములు నానబెట్టుకుని తినేవాడు, చెంబుడు పాలు తాగేవాడు. తిన్నదంతా గుండ్ల మీద చూపించేవాడు. ఒక ఏడు పెద్ద కరువు వచ్చింది. వండిన అన్నం అందరికీ చాలలేదు. పిల్లలు మారు అన్నం అడగడానికి మొహమాటపడుతున్నారు. అది చూసి ఆయన, తన ఆకులో అన్నం మిగిలి ఉండగానే మడిచి, 'నాకు చాలు, నా వంతు మారు అన్నం పిల్లలకు వడ్డించండి' అన్నాడు."

గండప్ప కదలకుండా వింటున్నాడు.

"ఆ సంగతి తలుచుకునే శిల్పి ఆ బొమ్మ చెక్కాడు. పక్కన తింటున్న పిల్లలను కూడా చెక్కాలనుకున్నాడు. రాయి చాలలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు మడిచిన ఆకే కనబడింది. ఎవరికోసం మడిచాడో కనబడలేదు."

అందరి తలలూ ఒక్కసారిగా గుమ్మం వైపు తిరిగాయి. రోజూ చూసే బొమ్మే. ఆ రోజు దాన్ని మొదటిసారి చూసినట్టు చూశారు. పిల్లల కడుపు నింపడానికి మడిచిన ఆకును చూసి, పిల్లల కడుపు మాడ్చారు! తరతరాలుగా!

గండప్ప బెత్తం కింద పడేశాడు. బసవడి దగ్గరికి వెళ్లి వాడి చేయి పట్టుకున్నాడు. రెల్లుపుల్లలాంటి ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తన చేతిని చూసుకున్నాడు.

"నాకూ ఆకలేసేదిరా," అన్నాడు మెల్లగా. "నీ వయసులో రోజూ ఆకలేసేది. అదే బలమనుకున్నాను."

అంత పెద్ద వస్తాదు పిల్లల ముందు కన్నీళ్లు పెట్టుకోవడం చూసి రాజు ముందుకు వచ్చాడు. ఇలా అన్నాడు, "తప్పు నాది కూడా. అడగకుండానే అన్నం సగం చేయించాను. ఓబులమ్మా, ఇవాళ్టినుంచి తాలింఖానా వంటశాల నీ చేతిలో ఉంటుంది."

కోనయ్యను ఎవరూ వెళ్లగొట్టలేదు. అయితే వాడికి తలపాగా కూడా కట్టలేదు. "గెలిచాక చూద్దాం," అన్నాడు రాజు. వాడికీ అదే బాగుందనిపించింది.

ఇక మర్నాడు వంటశాలలో పొగ ఆగలేదు. పొద్దున గంజీ, గుడ్లూ. సాధన అయ్యాక పాలూ, నువ్వుండలూ. మధ్యాహ్నం అన్నం, గట్టి పప్పు, గడ్డపెరుగు. సాయంత్రం ఉలవలు. రాత్రి సంకటి, చేపల కూర. ఇన్నాళ్లూ ఆకలితో ఉన్న పిల్లలు గదా, ఎగబడి తిన్నారు. తిని పడుకున్నారు. బసవడు రెండో వారం కూడా గోదాలో దిగనన్నాడు.

"తింటే కండ వస్తుందన్నారుగా," అన్నాడు పొట్ట నిమురుకుంటూ. "తింటున్నాను."

గండప్ప వాడి పొట్ట మీద వేలితో పొడిచాడు. "ఇది కండ కాదురా, గుమ్మడికాయ. తిండి పెట్టడం నాకు చేతకాలేదు, ఒప్పుకుంటున్నాను. బండలెత్తించడం మాత్రం చేతనవును. లే!"

అది నిజమే. ఆ విద్యలో గండప్పను మించినవాడు లేడు. ఒక్కసారిగా పెద్ద గుండు మీదికి తోలలేదు. చిన్న గుండు తేలికయ్యాకే తర్వాతి గుండు ఇచ్చాడు. ఒకరోజు చేతులకు పని చెబితే మర్నాడు కాళ్లకు చెప్పాడు. వారంలో ఒకరోజు గోదాకు తలుపు వేసి, "ఇవాళ ఎత్తినవాడి వీపు చిట్లగొడతాను, పడుకోండి!" అనేవాడు. తిన్నది ఎత్తేటప్పుడు ఖర్చయ్యేది, నిద్రలో ఒంటికి పట్టేది. బసవడి గుమ్మడికాయ కరిగి భుజాల్లోకి ఎక్కింది.

ఎండలు వచ్చాయి. మోకు రోజు వచ్చింది. వాగుకు రెండువైపులా రెండు రాజ్యాల జనం. ఈసారి ఓడితే గండిసీమ కాలువలో వేసవిలో ఇక ఎన్నడూ నీళ్లు పారవు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతోనే వచ్చి నిలబడ్డారు.

మేడిసీమ జట్టు ముందు పోతరాజు అనే కుర్రవాడు నిలబడ్డాడు. ఇవతలి ఒడ్డుకు ఇంకా పిల్లలు దిగకముందే నోరు విప్పాడు. "ఒరేయ్ గండిసీమ! పోయినేడు మోకు విదిలిస్తే మీరు గాలిపటాల్లా ఎగిరొచ్చారు. ఈ ఏడు నడుముకు రాళ్లు కట్టుకున్నారా?"

అంతలో గండిసీమ పిల్లలు పైపంచెలు తీసి ఒడ్డుకు దిగారు. పోతరాజు నవ్వు నోట్లోనే ఉండిపోయింది.

"రాళ్లు కట్టుకోలేదు అన్నా," అన్నాడు బసవడు. "రాళ్లు ఎత్తాం. కాస్త అన్నం కూడా తిన్నాం."

కొమ్ము ఊదారు. మోకు బిగిసింది. మొదటి ఊపులో మేడిసీమ లాగింది. కోనయ్య మడమలు తడిమట్టిలో జారాయి, కాలివేళ్లు నీళ్లను తాకాయి. ఒడ్డు మీద రాజు కళ్లు మూసుకున్నాడు. రెండో ఊపులో మోకు అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు. అందరి మొహాలూ ఎర్రబడ్డాయి.

"కాళ్లు! కాళ్లతో లాగండిరా!" అని గండప్ప అరిచాడు. "పెద్ద గుండు ఎలా లేపారో అలా!"

మోకు చివర నడుముకు చుట్టుకుని నిలబడ్డ బసవడు వెనక్కి వాలాడు. వాడితో పాటు అందరూ వాలారు. మూడో ఊపు. పోతరాజు ముందుకు వచ్చాడు, ఇంకా ముందుకు వచ్చాడు, బొక్కబోర్లా వాగులో పడ్డాడు. వాడి వెనక జట్టంతా ఒకరి మీద ఒకరు!

గెలిచామని తెలియడానికి గండిసీమ జనానికి కాసేపు పట్టింది. కాలువ తూము తీసి, నీళ్ల చప్పుడు వినబడ్డాక గానీ ఎవరూ కేక వేయలేదు. ఆ కేకకు కొండలమీది పిట్టలన్నీ లేచిపోయాయి.

ఒడ్డునే విందు. ఓడినవాళ్లను కూడా తడిబట్టలతోనే కూర్చోబెట్టారు. ఓబులమ్మ వడ్డిస్తోంది. వరస మొదట్లో గండప్పను కూర్చోబెట్టారు. ఒక ముద్ద, రెండు ముద్దలు. మూడో ముద్ద తిన్నాక, పాత అలవాటు గదా, ఆయన చేయి దానంతటదే ఆకు కొస పట్టుకుంది.

వరసంతా ఆగిపోయింది. పిల్లల చేతులు నోటి దగ్గరే నిలిచిపోయాయి. అందరి కళ్లూ ఆ ఆకు కొస మీదే.

గండప్ప తలెత్తి ఆ కళ్లన్నీ చూశాడు. ఉలిక్కిపడి ఆకు వదిలేశాడు. మడత పడ్డచోట అరచేత్తో సాపు చేశాడు.

"ఓబులమ్మా, ఇంకాస్త పప్పు వడ్డించు తల్లీ," అన్నాడు. "ఇకమీదట ఈ వరసలో అందరికన్నా చివర ఆకు మడిచేవాణ్ణి నేను. పిల్లలందరి కడుపులూ నిండాయని చూసుకున్నాకే."

ఆ రోజు జరీ తలపాగా కోనయ్యకే కట్టారు. రాజు శిల్పిని పిలిపించి, గుమ్మం మీది బొమ్మ పక్కన కడుపునిండా తింటున్న పిల్లలను కూడా చెక్కమన్నాడు. చోటు చాలకపోతే ఈసారి పెద్ద రాయి తెమ్మన్నాడు.

అందుకే పిల్లలూ, ఒంటికి బలం కావాలంటే కష్టపడి ఎత్తాలి, కడుపునిండా తినాలి, కంటినిండా నిద్రపోవాలి. పెద్దలు చేసినదాన్ని చేసేముందు, వాళ్లు ఎందుకు చేశారో మరిచిపోకుండా అడిగి తెలుసుకోవాలి.